అద్దం తుడిచినవాళ్ళు

బోరబండలో ఒక స్నేహితురాలింట్లో నెలకోసారి పదిమందిమి కూర్చుని చదువుకుంటాం. చాలామంది జూబ్లీహిల్స్ ఇళ్ళల్లో పని ముగించుకుని వచ్చేవాళ్ళు. ఆమధ్య జిడ్డు కృష్ణమూర్తి ‘కామెంటరీస్ ఆన్ లివింగ్’ నుంచి ఒక భాగం తెలుగులో చెప్పాను. ఒకామె తన దుఃఖం చెప్పుకోవడానికి ఆయన దగ్గరికి వస్తుంది. అంతా విని, మిషను కుట్టే ఒకామె అడిగింది: “ఆమె పేరేంది? ఇంటికి పోయినంక ఏమైంది?” పుస్తకంలో రెండూ లేవు.

మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజం జగద్గురువుగా పెంచింది. 1929 ఆగస్టు 3న, హాలండులోని ఓమెన్‌లో, అనీబిసెంట్ ఎదుటే, తనకోసం కట్టిన సంఘాన్ని ఆయన రద్దు చేశాడు. సాహసమే, కాదనను. ఆ తర్వాత ఆయన చెప్పిందల్లా స్థూలంగా ఇది: నేను గురువుని కాను, నా మాట ప్రమాణం కాదు, నేను అద్దాన్ని, మిమ్మల్ని మీరు చూసుకోండి.

ఇక్కడే నాకు పేచీ. ఉన్న సింహాసనాన్నే ఎవరైనా వదులుకోగలరు. ఆయనకి దాన్ని వేసిపెట్టింది కూడా ఒక స్త్రీయే. రాసింది మా సొంతమేనని నమ్మించడానికే సగం జీవితం ఖర్చుపెట్టే మాకు ‘అధికారం వదులుకో’ అన్న మాట ఆయనకి వినపడినట్టు వినపడదు.

పైగా అద్దం దానంతటదే మెరవలేదు. 1969లో వచ్చిన ‘ఫ్రీడమ్ ఫ్రమ్ ది నోన్’ని ఆయన ప్రసంగాల్లోంచి ఏరి కూర్చింది మేరీ లట్యెన్స్. ఆ పుస్తకాన్ని తలకెత్తుకునేవాళ్ళలో ఆమె పేరు ఎందరికి గుర్తు?

1991లో రాధా రాజగోపాల్ స్లాస్, తన తల్లి రోసలిండ్‌కీ కృష్ణమూర్తికీ ఏళ్ళ తరబడి సాగిన రహస్య సంబంధం గురించి రాసింది. ఈ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా నాకెదురైన జవాబు ఒకటే: “బోధ చూడండి, మనిషితో మీకేం పని? అసలు మీకెందుకింత కోపం?” సంబంధం మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ ఆ చివరి ప్రశ్న చూడండి. గురువునైతే నిలదీయొచ్చు. అద్దంతో పోట్లాడితే తప్పు మన మొహానిదే అవుతుంది! బాధ్యత మొత్తం చదివేవాళ్ళ మీదికి నెట్టేసిన రచయితకి ఇంతకన్నా భద్రమైన చోటేముంది?

పేరు దాచడం మర్యాద కోసమే కావచ్చునని మా కుట్టుపనామెకి సర్దిచెప్పబోయాను. ఆమె ఒప్పుకోలేదు.

“పేరు రాయకుంటె పాయె. రాసినంక ఆమెకు చదివి వినిపించిండా?”

పీహెచ్‌డీ చేసినన్నాళ్ళూ ఏ రచయిత గురించీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు.