చెవి మిషను తీసేసి వెళ్లాలా?

"అన్నా, ఇంటర్వ్యూకి మిషను పెట్టుకుని వెళ్లనా, తీసేసి వెళ్లనా?" అని మా వీధి కుర్రవాడు అడిగాడు. బి.కాం. ప్యాసయ్యాడు. లెక్కల్లో దిట్ట. చిన్నప్పటి నుంచి రెండు చెవులూ సరిగా వినిపించవు. మిషను ఉంటే ఎదుటివారి మాట అందుకుంటాడు.

అంతకు ముందు రెండు చోట్ల ఉన్న సంగతి చెప్పాడు. రెండు చోట్లా "కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు నేటికీ రాలేదు. అందుచేత నేను "తీసేసి వెళ్లు తమ్ముడూ" అన్నాను. ఎదురెదురుగా కూర్చున్నారు గనుక పెదవులు చూసి గట్టెక్కాడు. గుంటూరులో ఒక మిర్చి కమీషను కొట్టులో గుమాస్తాగా కుదిరాడు. చేరాక కూడా మిషను జేబులోనే ఉంచాడు. మూడో వారంలో యజమాని అటు తిరిగి "అరవై బస్తాలు" అంటే ఇతడు "ఇరవై" అని రాశాడు. 40 బస్తాలు తక్కువతో లారీ వెళ్లిపోయింది. ఉద్యోగమూ పోయింది.

"ముందే చెబితే చీటీ మీద రాసిచ్చేవాణ్ణి కదయ్యా" అన్నాడట యజమాని. నిజంగా రాసిచ్చేవాడో, మొదటి రోజే పంపేసేవాడో చెప్పలేం. కాని సలహా ఇచ్చింది నేను. అందుకే ఈ నాలుగు మాటలు.

పోలియో కాలు దాగదు. చెవుడు, మూర్ఛ, మనోవ్యాధి దాగుతాయి. దాచగలిగిన వారికే ఈ చిక్కు. పైగా, సంగతి బయటపడితే చెల్లెలి సంబంధం చెడుతుందని సర్టిఫికెట్టును బీరువా అడుగున పెట్టే తల్లిదండ్రులు మన పల్లెల్లో ఉన్నారు.

సర్కారు ఉద్యోగమైతే సందేహం అక్కరలేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్టు గలవారికి ప్రభుత్వోద్యోగాలలో కనీసం 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం వినికిడి లోపం గలవారిది. దాచుకుంటే ఆ హక్కు చేజార్చుకున్నట్లే.

ప్రైవేటు ఉద్యోగానికి దరఖాస్తులోనే చెప్పి తీరాలని ఆ చట్టంలో లేదు. అయితే అడగకపోతే ఊరుకోవడం వేరు, అడిగితే అబద్ధం రాయడం వేరు. రెండోది ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటుంది. నా మట్టుకు, మొదటి కాగితంలోనే రాయనక్కరలేదు. ముందు తన పనితనం చూపించాలి. చేరేలోపల మాత్రం చెప్పాలి. తలవంచుకుని కాదు, "ఎదురుగా మాట్లాడండి, లెక్క చీటీ మీద ఇవ్వండి, పనిలో తప్పు రాదు" అని చెప్పాలి. లారీ తోలడం, యంత్రాల దగ్గర నిలబడడం వంటి పనులకు మొదటే చెప్పడం ధర్మం. అక్కడ నలుగురి ప్రాణాలుంటాయి.

భారమంతా కుర్రవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని, 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు వైకల్యం గలవారికి ఏ పనులు ఇస్తారో, ఏ సదుపాయాలు కల్పిస్తారో అందులో రాయాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాగితం ఎన్ని గోడల మీద ఉందో సంబంధిత అధికారులు ఒకసారి తిరిగి చూడాలి. అది కనిపిస్తే చెప్పుకునేవారికి ధైర్యం వస్తుంది.

మా కుర్రవాడు మరో చోటికి దరఖాస్తు పెట్టాడు. ఈసారి అడిగితే నా జవాబు ఒకటే: మిషను పెట్టుకునే వెళ్లు తమ్ముడూ.