ఏరు దాటాక తెప్ప తగలేసే దేశంలో ల్యాప్‌టాప్ ఎవడు చేస్తాడు?

హైదరాబాదులో కంప్యూటర్ల చరిత్ర చెప్పమంటే మనవాళ్ళు 1998 నవంబరు 22 దగ్గర మొదలెడతారు. ఆ రోజు వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించాడు, పక్కన చంద్రబాబు నిలబడ్డాడు, అంతకుముందు మాదాపూర్లో రాళ్ళూ రప్పలూ తప్ప ఏమీ లేవు. ఇదీ కథ. ఒక పార్టీవాళ్ళు ఈ కథని భజనగా పాడతారు, ఇంకో పార్టీవాళ్ళు వెక్కిరిస్తూ పాడతారు. పాట మాత్రం ఒకటే. నా పేచీ ఇద్దరితోనూ.

ఎందుకంటే ఈ ఊళ్ళో కంప్యూటరు కథ అంతకు 29 ఏళ్ళ ముందే, ఊరికి రెండో కొసన, కుషాయిగూడ వైపు మొదలైంది. టీడీసీ-12 అనే కంప్యూటర్ని 1969లో తెచ్చింది ఈసీఐఎల్. ట్రాంబే అణుశక్తి కేంద్రంలో మనవాళ్ళే డిజైను చేసిన యంత్రం అది. ఇవాళ కొండాపూర్లో, గచ్చిబౌలిలో కూర్చుని కోడు రాసే కుర్రాళ్ళలో చాలామందికి ఈసీఐఎల్ అంటే బస్సు బోర్డు మీద కనపడే క్రాస్ రోడ్స్, అంతే. ఏఎస్ రావు నగర్లో డబుల్ బెడ్రూం అద్దె ఎంతో చెప్తారు. ఆ ఏఎస్ రావు ఎవరో మాత్రం చెప్పలేరు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా, అదన్నమాట.

ఇప్పుడీ పాత పురాణం ఎందుకంటారా? 2025 మే నెలలో పాకిస్తాన్‌తో నాలుగురోజుల యుద్ధం అయ్యాక మళ్ళీ ఎక్కడ చూసినా స్వదేశీ టెక్నాలజీ కబుర్లే. ఫలానా కంపెనీకి మంచి భవిష్యత్తుందని ఒకడు, ఫలానా షేరు కొనమని ఇంకొకడు. ఒక టెక్నాలజీ కంపెనీ బతుకుతుందా చస్తుందా అన్నది దేనిమీద ఆధారపడుతుందో తెలుసుకోడానికి అమెరికా పుస్తకాలు చదవక్కర్లేదు, మన ఊరి చరిత్ర చాలు. నాకు అర్థమైనంతవరకూ మూడే విషయాలు: యుద్ధం, నాయకుడు, చవకయంత్రం. యుద్ధం కంపెనీని పుట్టిస్తుంది. నాయకుడు నడక నేర్పుతాడు. మామూలు మనిషి కొనుక్కోగలిగే చవకయంత్రం ఒక్కటే దాన్ని సొంతకాళ్ళ మీద నిలబెడుతుంది. హైదరాబాదుకి మొదటి రెండూ దొరికాయి. మూడోదాని దగ్గర జారిపడుతూనే ఉన్నాం.

మొదట యుద్ధం సంగతి. 1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక, మన సైన్యానికి సరైన రేడియోలూ రాడార్లూ కూడా లేవని అందరికీ తెలిసొచ్చింది. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. ఆ కమిటీ పని నడుస్తుండగానే 1965 యుద్ధం వచ్చింది, అమెరికా ఆయుధాల సరఫరా ఆపేసింది. కమిటీ నివేదిక 1966లో వచ్చింది, 1967 ఏప్రిల్లో అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో ఈసీఐఎల్ పుట్టింది. దాని జాతకం రాసింది మార్కెట్టు కాదండీ, రెండు యుద్ధాలు.

రెండోది నాయకుడు. అయ్యగారి సాంబశివరావు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టాడు. బెనారస్‌లో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్ళి, తిరిగొచ్చి, ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగం నడిపాడు. అక్కడ ప్రయోగశాలలో పుట్టిన పరికరాల్ని ఫ్యాక్టరీలో తయారుచెయ్యడానికి హైదరాబాదొచ్చాడు. ఆ కంపెనీ కంప్యూటర్లే కాదు, టీవీలు కూడా చేసింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఈసీ టీవీ గురించి అడిగి చూడండి. అణు రియాక్టర్లకి కంట్రోలు పరికరాలు చేసే కంపెనీయే చిత్రలహరి చూసుకునే టీవీ కూడా చేసిందంటే ఇవాళ నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు మన దృష్టిలో నాయకుడంటే ఎవరు? 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినరోజు ఈ ఊళ్ళో జరిగిన హడావుడి అంతా ఇంతా కాదు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఆయన్ని తక్కువచెయ్యడం నా ఉద్దేశం కాదు, ఆ కంపెనీని మళ్ళీ లేపి నిలబెట్టాడు. కానీ ఆయన జవాబు చెప్పుకోవలసింది రెడ్‌మండ్‌లో, అక్కడి వాటాదార్లకి, అక్కడి చట్టాలకి. తెలుగువాడు కాబట్టి మనవైపు చూస్తాడనుకుంటే అది మన అమాయకత్వం.

దానికి రుజువు కావాలా? మన పల్లెల్లో కూడా పెట్రోలు బంకులమీద కనిపించే నయారా పేరు గుర్తుందిగా. ఆ కంపెనీలో రష్యా రోస్‌నెఫ్ట్‌కి దాదాపు సగం వాటా ఉంది. ఉక్రెయిన్ యుద్ధం పేరుతో 2025 జులైలో యూరపు దానిమీద ఆంక్షలు పెడితే, మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిళ్ళు, టీమ్స్ ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాక గానీ కొన్నిరోజులకి సేవలు తిరిగి రాలేదు. యుద్ధం ఎక్కడో, ఆంక్షలు ఇంకెక్కడో, మెయిలు ఆగింది మాత్రం మనదేశంలో. కంపెనీ పైన కూర్చున్నది మనవాడా కాదా అన్నది ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు.

ఇంతకన్నా పెద్ద తమాషా 1998దే. పోఖ్రాన్ పరీక్షల తరవాత అమెరికా మన సంస్థల జాబితా ఒకటి ప్రకటించింది, వీటికి ఏమీ అమ్మకూడదని. హైదరాబాదులోని డీఆర్‌డీఎల్, బీడీఎల్ అందులో ఉన్నాయి, 2011 దాకా ఉన్నాయి. ఆ జాబితా ప్రకటించింది ఎప్పుడనుకున్నారు? 1998 నవంబరులో! సరిగ్గా సైబర్ టవర్స్ రిబ్బను కత్తిరించిన నెలలోనే. ఒకే ఊళ్ళో ఒక కొసకి తాళం వేస్తూ, ఇంకో కొసకి ఎర్రతివాచీ పరిచారు. మనం తివాచీ ఫోటోలు దాచుకున్నాం, తాళం సంగతి మర్చిపోయాం.

సరే, మూడోదానికొద్దాం. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

ఈసీఐఎల్ కంప్యూటర్లు ఎవరు కొన్నారు? ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలు, రక్షణ సంస్థలు, విశ్వవిద్యాలయాలు. వీళ్ళెవరూ జేబులోంచి డబ్బులు తీసేవాళ్ళు కాదు. ధర ఎక్కువైనా, సరఫరా ఆలస్యమైనా, విదేశీ యంత్రం దొరకదు కాబట్టి తీసుకునేవాళ్ళు. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళిపోయింది. కంపెనీకి అంతకంటే మంచి అవకాశం ఇంకోటి రాదు. కానీ అప్పటికే 1976లో పుట్టిన హెచ్‌సీఎల్ లాంటి ప్రైవేటు కంపెనీలు మైక్రోప్రాసెసర్ పెట్టి చిన్న యంత్రాలు చేస్తున్నాయి, వ్యాపారస్తులకి అమ్ముతున్నాయి. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం సుంకాలు తగ్గించింది, పీసీల కాలం వచ్చేసింది. ధర అడగని కొనుగోలుదారుకి అలవాటుపడ్డ కంపెనీ, ధర తప్ప ఇంకేమీ అడగని కొనుగోలుదారు ముందు నోరెళ్ళబెట్టింది. యుద్ధం అన్నం పెడుతుంది గానీ వంట నేర్పదు. పైగా యుద్ధభయం తగ్గగానే, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ప్రభుత్వానికీ ఆ శ్రద్ధ పోయింది.

"అది పబ్లిక్ సెక్టారు బాబూ, వాళ్ళకి చవకయంత్రాలు చేతకాదు" అనేవాళ్ళు వెంటనే తయారవుతారు. మరి ఈవీఎం ఎవరు చేశారు? 1979లో దాని నమూనా తయారుచేసింది ఈ ఈసీఐఎల్లే. తరవాత బెంగుళూరు బీఈఎల్ కూడా చేరింది. కరెంటు లేని ఊళ్ళో బ్యాటరీతో నడవాలి, ఎండకీ దుమ్ముకీ ఆగాలి, లారీల్లో ఎత్తి కుదేసినా పనిచెయ్యాలి, చదువురాని ముసలమ్మ కూడా ఒక్క మీట నొక్కి బయటికి రావాలి. ఓడిపోయిన ప్రతి పార్టీ దాన్ని తిడుతుంది, అది వేరే సంగతి :) కానీ లక్షల సంఖ్యలో చేసి దేశమంతా వాడించిన యంత్రం అది. ఎందుకు కుదిరింది? ఏం కావాలో ఎన్నికల సంఘానికి స్పష్టంగా తెలుసు, మళ్ళీ మళ్ళీ కొంటూనే ఉంది. చేతకాకపోవడం అన్నమాట అబద్ధం. అడిగినవాడు లేకపోవడం నిజం.

సరిగ్గా అడగకపోతే ఏమవుతుందో ఆకాశ్ టాబ్లెట్ చెప్తుంది. 2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ ఢిల్లీలో దాన్ని విడుదల చేశాడు. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. డిజైను డేటావిండ్ అనే విదేశీ కంపెనీది, బిగించింది మన హైదరాబాదులో క్వాడ్ అనే కంపెనీ. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేగానీ పలకని తెర. ధర ముందు నిర్ణయించేసి, అందులో ఏం పడుతుందో తరవాత వెతికారు. వాడిన పిల్లలు పెదవి విరిచారు, రెండు కంపెనీలూ గొడవపడ్డాయి, రెండో ఆకాశ్ వచ్చేసరికి భాగాలు చైనావని తేలింది. ఆ తరవాత దాని ఊసెత్తినవాడు లేడు.

ఫ్యాబ్ సిటీ సంగతి ఇంకా ఘోరం. 2006లో సెమిఇండియా అనే కంపెనీ ఏఎండీ టెక్నాలజీతో చిప్పుల ఫ్యాక్టరీ పెడుతుందని ఒప్పందం, రావిర్యాల దగ్గర వందల ఎకరాలు, పేపర్ల నిండా ఫోటోలు. ఒక్క చిప్పు కూడా బయటికి రాలేదు. విచిత్రం చూడండి, అదే ఏఎండీకి, క్వాల్‌కామ్‌కి, ఇంటెల్‌కి ఇదే ఊళ్ళో డిజైను సెంటర్లున్నాయి. చిప్పు గీసేవాడు మనవాడే, మళ్ళీ అదే చిప్పున్న ల్యాప్‌టాప్‌ని ఈఎంఐ మీద కొనుక్కునేదీ మనవాడే!

"తైవాన్‌తో మనకి పోలికేంటి" అంటారు. ఎందుకుండకూడదు? యుద్ధభయం వాళ్ళకి మనకంటే ఎక్కువ, సముద్రం అవతల చైనా కూర్చునుంది. హెచ్‌సీఎల్ పుట్టిన 1976లోనే అక్కడ ఏసర్ పుట్టింది. 1987లో మోరిస్ చాంగ్ టీఎస్‌ఎంసీ పెట్టాడు, ఆయన కూడా అమెరికాలో చదివి పనిచేసి వెళ్ళినవాడే. వంద డాలర్ల ల్యాప్‌టాప్ అని నెగ్రోపాంటే ప్రపంచమంతా తిరిగితే, మన మానవవనరుల శాఖ 2006లో వద్దు పొమ్మంది. దాన్ని తయారుచేసి ఇచ్చింది తైవాన్ క్వాంటా. 2007లో ఏసుస్ చిన్న ఈ-పీసీ తెచ్చి ల్యాప్‌టాప్ ధరల్ని నేలకి దించింది. వాళ్ళు చవకవస్తువుని నామోషీగా అనుకోలేదు. చవకలోనే చెయ్యి తిరిగింది, ఆ చేత్తోనే ఖరీదైనవీ చేస్తున్నారు. ఇవాళ కొంగరకలాన్లో ఫ్యాక్టరీ పెట్టిన ఫాక్స్‌కాన్ కూడా తైవాన్‌దే. మనం భూమిచ్చి, కూలికి కుదురుతున్నాం.

"సాఫ్ట్‌వేర్ సేవలతో లక్షలమంది బతుకుతున్నారుగా, చాలదా?" ఇది అందరికంటే బలమైన వాదన, ఒప్పుకుంటా. నా జీతం కూడా అక్కడినించే వస్తోంది. కానీ 2023 ఆగస్టు 3న లైసెన్సు లేకుండా ల్యాప్‌టాప్‌లు దిగుమతి చేసుకోకూడదని కేంద్రం నోటిఫికేషనిస్తే ఏమైంది? మర్నాటికే గడువు వాయిదా. చివరికి దిగుమతులకి అనుమతి తీసుకునే పద్ధతి ఒకటి పెట్టి సర్దుకున్నారు. ఎందుకంటే అవి ఆగితే ఈ కారిడార్ ఆగుతుంది. వాటిలో అధికభాగం వచ్చేది ఎవరితో 1962లో యుద్ధం చేశామో వాళ్ళ దగ్గర్నించే. అన్నం పెట్టే పళ్ళెం వాళ్ళ చేతిలో పెట్టి, మన వంట బ్రహ్మాండం అంటే నవ్వరూ?

మరేం చెయ్యాలంటావ్ అని అడుగుతారు కదా. డబ్బులు లేవనకండి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి 5 లక్షలకు పైగా శామ్‌సంగ్ టాబ్లెట్లు పంచింది, లోపల బైజూస్ పాఠాలు. 2024లో బైజూస్ దివాలా కోర్టుకెక్కింది. తమిళనాడు 2011లోనే ఉచిత ల్యాప్‌టాప్‌లు మొదలెట్టింది. కొనే ప్రభుత్వాలున్నాయి, కొనే సంఖ్య ఉంది. లేనిదల్లా ఓపిక. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఇంజనీరింగు, డిప్లొమా పిల్లలకి ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలో ముందు రాయమనండి: కంపైలరు నడవాలి, తెలుగు బాగా కనపడాలి, కరెంటు పోయినా ఓ పూట ఆగాలి, పాడైతే మండల కేంద్రంలో బాగుచెయ్యగలగాలి. పదేళ్ళపాటు ఏటేటా కొంటామని చెప్పమనండి. ఒక్కరికే రాసివ్వకుండా ఏటా పోటీ పెట్టమనండి, ఈసీఐఎల్‌కి జరిగింది మళ్ళీ జరక్కుండా. మొదట్లో భాగాలు బయటివే ఉంటాయి, ఉండనీండి. డిజైను, మదర్‌బోర్డు, ఫర్మ్‌వేర్ ఇక్కడ మొదలైతే మిగతావి వెనకే వస్తాయి. ఆ పని వచ్చినవాళ్ళు మాదాపూర్ నించి నానక్‌రామ్‌గూడ దాకా కావలసినంతమంది ఉన్నారు.

దేశభక్తి కోసం నాసిరకం వస్తువు కొనమని నేననడం లేదు. ఆకాశ్‌తో ఆ ముచ్చట తీరింది. యుద్ధం వచ్చినప్పుడల్లా స్వదేశీ అని గొంతు చించుకుని, సద్దుమణగ్గానే ఆన్‌లైన్ సేల్లో చైనా ల్యాప్‌టాప్ వెతుక్కునే మన బుద్ధి గురించి అంటున్నాను. కంపెనీలు యుద్ధాల్లో పుడితే పుట్టనీండి, కానీ అవి బతికేది శాంతికాలంలో సంగారెడ్డిలోనో తణుకులోనో ఒక తండ్రి కూతురి కోసం బేరమాడి కొన్నప్పుడే. ఆ తండ్రి అడిగే ధరకి యంత్రం చెయ్యగల కంపెనీ మన ఊళ్ళో ఒక్కటి చూపించండి, అప్పుడు సైబరాబాద్ అన్న పేరు చెల్లుతుందని నేనూ ఒప్పుకుంటా.