బిల్లు కౌంటర్ ఎక్కడ?

2022 డిసెంబర్లో ఆన్‌సైట్ పని మీద కార్డిఫ్‌లో ఉన్నాను. ఓ రాత్రి ఉల్లిపాయలతో పాటు వేలు కూడా తరిగేసుకున్నాను. రూమ్మేట్ టవల్ చుట్టి ఆస్పత్రికి లాక్కెళ్ళాడు. నాలుగున్నర గంటలు కూర్చోబెట్టి (ఆ సోది ఇంకోసారి) మూడు కుట్లు వేశారు. వేసినాయన గుంటూరాయనే కావడం మన అదృష్టం. నేను అలవాటు కొద్దీ "బిల్లు కౌంటర్ ఎక్కడండీ?" అనడిగాను. "ఇక్కడ అలాంటిది ఉండదు, వెళ్ళి పడుకో తమ్ముడూ" అన్నాడు.

అంతకు ముందు ఏడాదే హైదరాబాదులో నాన్నకి గుండెల్లో నొప్పొస్తే, అడ్వాన్సు కట్టేదాకా స్ట్రెచర్ కదల్లేదు. నేను కంపెనీ మారి పన్నెండు రోజులే అయింది. కొత్త ఇన్సూరెన్సు కార్డులోకి నాన్న పేరు ఇంకా ఎక్కలేదు. ఆ అరగంట గురించి ఇప్పటికీ ఇంట్లో ఎవరం మాట్లాడుకోం.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ ఆదివారం క్వీన్ స్ట్రీట్‌లో ఓ విగ్రహం కనబడింది. అన్యూరిన్ బెవన్. ఎవడో రాజకీయ నాయకుడిలే అనుకుని దాటిపోబోతే, నా వేలికి డబ్బులడక్కుండా కుట్లు పడ్డానికి కారణం ఈయనే అని రూమ్మేట్ చెప్పాడు.

1897లో దక్షిణ వేల్స్‌లోని ట్రెడీగర్‌లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. ఈయన పదమూడేళ్ళకే బడి మానేసి బొగ్గు గనిలోకి దిగాడు. పైగా నత్తి. ఆ నత్తి మనిషే తర్వాత పార్లమెంటులో యుద్ధం మధ్యలో చర్చిల్‌ని నిలదీసి తిట్లు తిన్నాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. చదువంతా కార్మికుల చందాలతో నడిచే లైబ్రరీలో, ఆ తర్వాత కార్మిక సంఘం డబ్బుతో లండన్లో రెండేళ్ళు. తిరిగొస్తే గనిలో ఉద్యోగం ఇవ్వలేదు. 1925లో తండ్రి బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పోయాడు. అప్పటి చట్టం లెక్కలో అది వృత్తి వల్ల వచ్చిన రోగం కాదు కాబట్టి నష్టపరిహారం కూడా లేదు. 1929లో ఎబ్బూ వేల్ నుంచి ఎంపీ అయ్యాడు, చచ్చిపోయేదాకా ఆ సీటు వదల్లేదు.

ఇక్కడ మన వృత్తివాళ్ళకి నచ్చే ముక్క ఒకటుంది. ట్రెడీగర్‌లో కార్మికులు జీతంలోంచి వారం వారం కొన్ని పెన్నీలు వేసుకుని సొంతంగా డాక్టర్లని పెట్టుకునే సంఘం ఒకటి ఉండేది. నవలాకారుడు ఏ.జె. క్రోనిన్ కొన్నాళ్ళు అక్కడ డాక్టరే. బెవన్ దాని కమిటీలో పనిచేశాడు. 1945లో ఆరోగ్య మంత్రి కాగానే ఆ ఊరి పథకాన్ని దేశం మొత్తానికి పెట్టేశాడు. పైలట్ ప్రాజెక్టుని ప్రొడక్షన్లోకి తోసెయ్యడం అన్నమాట. ఒక్క మార్పు మాత్రం చేశాడు: చందా కట్టావా లేదా అన్న ప్రశ్న తీసేశాడు. డబ్బు పన్నుల్లోంచి వస్తుంది, రోగి దగ్గర ఎవరూ అడగరు.

డాక్టర్లు ఊరుకున్నారా? 1948 ఫిబ్రవరిలో వాళ్ళ సంఘం ఓటింగు పెడితే దాదాపు పదికి తొమ్మిది మంది వద్దన్నారు. ఈయన పెద్ద డాక్టర్లకి ప్రభుత్వాసుపత్రుల్లోనే ప్రైవేటు పడకలు ఉంచుకోనిచ్చి, వాళ్ళ నోళ్ళు బంగారంతో కుక్కి దారికి తెచ్చాడు. ఆ మాట ఆయనే అన్నాడని చెప్తారు. సిద్ధాంతం గిరి గీసుకుని కూర్చుంటే ఆ జులై 5న పథకం మొదలయ్యేదే కాదు. ఇది రాజీ అని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను.

అలాగని వీరాభిమానినేం అయిపోలేదు. మొదలయ్యే ముందురోజే ఓ సభలో ప్రత్యర్థి పార్టీని పురుగులతో పోల్చి, పని గొప్పదనం పక్కకిపోయి తిట్టే మిగిలేలా చేసుకున్నాడు. ఇక 2022లో ఇంగ్లండులో వెయిటింగ్ లిస్టు 70 లక్షలు దాటింది. ఉచితమని కూడా అనలేను. మనలాంటి వీసాగాళ్ళ దగ్గర అప్పట్లో ఏడాదికి 624 పౌండ్లు ముందే గుంజేవాళ్ళు, 2024లో అది 1,035 అయింది. కానీ ఎప్పుడు అడిగారన్నదే నా పాయింటు. వీసా ఫారం నింపుతూ కడితే చిరాకు వేస్తుంది. స్ట్రెచర్ పక్కన నిలబడి కడితే ఏమవుతుందో నాకు తెలుసు.

మన ఆఫీసుల్లో మాత్రం "నా టాక్సుతో వాళ్ళకెందుకు?" అన్నదే రోజువారీ పాట. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటినుంచి నడుస్తున్న పాట ఇది. బాసూ, మన ధీమా అంతా మెళ్ళో వేలాడే ఐడీ కార్డు. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజున ఇంట్లో ముసలివాళ్ళ ఇన్సూరెన్సూ దాంతోనే పోతుంది. రోగం వచ్చేది నోటీసు పీరియడ్ చూసుకుని కాదు కదా.

1951లో బ్రిటన్ ప్రభుత్వానికి ఆయుధాల ఖర్చు పెరిగి, కట్టుడుపళ్ళకీ కళ్ళజోళ్ళకీ సగం ధర రోగే కట్టాలని బడ్జెట్లో పెట్టారు. బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. కళ్ళజోళ్ళ కోసమా అని మొదట నవ్వాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ మంత్రి కాలేదు. 1960లో కడుపు కాన్సరుతో పోయాడు, 62 ఏళ్ళు.

మొన్న నాన్నకి కళ్ళజోడు మార్పించాను. పాలసీలో కళ్ళజోడు రాదట.