డాక్టరు గారి పేజీ: పిలవని పేరంటపు ఫోన్లు



కిందటి నెల రక్తపోటు గురించి రాసిన తర్వాత కొందరు సభ్యులు పలకరించి, "మా రక్తపోటుకి ఉప్పు కారణం కాదండీ డాక్టరుగారూ, రోజుకి నాలుగైదు సార్లు మోగే ఈ దిక్కుమాలిన ఫోన్లే కారణం" అన్నారు. నవ్వులాటకే అన్నా అందులో నిజం లేకపోలేదు. కనుక ఈ నెల మందులూ మాత్రలూ పక్కన పెట్టి ఈ ఫోన్ల బెడద గురించి నాలుగు మాటలు రాస్తాను.

మందు రాసే ముందు అది ఏ జబ్బో తేల్చుకోవాలి గదా! పిలవని పేరంటంలా వచ్చే ఈ ఫోన్లూ, మెసేజీలూ అన్నీ ఒక జాతివి కావు. మొదటి రకం వ్యాపారులవి. కొత్త కాండో చూడండి, ఇన్సూరెన్సు తీసుకోండి, పిల్లవాడికి లెక్కల ట్యూషను పెట్టించండి అంటారు. వీటితో విసుగే తప్ప ప్రాణభయం లేదు. రెండో రకం అడగకుండానే అప్పులిస్తామనేవి. మూడో రకం పచ్చి దొంగతనం. మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

మొదటి రకానికి సింగపూరులో చట్టం ఉంది. 2007లో వచ్చిన స్పామ్ కంట్రోల్ చట్టం, గంపగుత్తగా పంపే ప్రకటనల మీద అది ప్రకటన అని ముందే గుర్తు పెట్టాలంది. ఆ తర్వాత 2012 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద 2014 జనవరి 2 నుంచి 'డు నాట్ కాల్' రిజిస్ట్రీ అమలులోకి వచ్చింది. ఇందులో మాటల ఫోన్లకు ఒకటి, మెసేజీలకు ఒకటి, ఫ్యాక్సులకు ఒకటి చొప్పున మూడు పట్టికలున్నాయి. మీ నంబరు చేర్పించడానికి డబ్బు కట్టనక్కరలేదు. ఆ నంబరు మీదిగా ఉన్నంతకాలం మళ్ళీ చేర్పించే పనీ లేదు. చేర్పించిన మర్నాడే ఫోన్లు ఆగిపోవాలని మాత్రం అనుకోకండి, 21 రోజులు ఓపిక పట్టాలి. ఆ పైన కూడా వస్తే ఫిర్యాదు చేయవచ్చు. ఈ చట్టం కాగితం మీదే ఉండిపోలేదు. అమలులోకి వచ్చిన 2014లోనే ఒక ట్యూషను ఏజెన్సీకీ, దాని డైరెక్టరుకీ కోర్టు జరిమానా వేసింది. అయితే ధర్మకార్యాల చందాలకూ, సర్వేలకూ ఈ నిషేధం వర్తించదు. మీరు ఇప్పటికే ఖాతాదారుగా ఉన్న కంపెనీ కూడా తన సరుకు గురించి మెసేజీ పెట్టవచ్చు. వద్దనుకుంటే వాళ్ళకే వద్దని చెప్పాలి.

రెండో రకానికి మందు ఇంకా సులువు. ఈ దేశంలో లైసెన్సు ఉన్న వడ్డీ వ్యాపారి ఫోను చేసిగానీ, మెసేజీ పెట్టిగానీ అప్పు తీసుకోమని అడగకూడదు. అంటే అలా అడిగినవాడు లైసెన్సు లేనివాడో, లైసెన్సు ఉన్నవాడి పేరు దొంగిలించినవాడో అయి ఉండాలి. ఆలోచించే పనే లేదు, తీసి పారేయడమే.

అసలు భయపడవలసింది మూడో రకానికి. 2021 డిసెంబరులో ఓసీబీసీ బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ మెసేజీల వల్ల సుమారు 790 మంది కోటీ ముప్పై ఏడు లక్షల డాలర్లు పోగొట్టుకున్నారు. ఆ మెసేజీలు బ్యాంకు పంపే అసలు మెసేజీల వరుసలోనే వచ్చి కూర్చున్నాయి. ఎంత చదువుకున్నవారైనా ఎలా అనుమానిస్తారు? బ్యాంకు ఆ సొమ్ము తిరిగి ఇచ్చింది కానీ ప్రతిసారీ అలా దక్కుతుందనే భరోసా లేదు. దరిమిలా బ్యాంకులు మెసేజీల్లో లింకులు పెట్టడం మానేశాయి. 2023 జనవరి 31 నుంచి సంస్థలు తమ పేరు రిజిస్టరు చేసుకోకుండా ఆ పేరుతో మెసేజీ పంపితే దాని మీద 'లైక్లీ స్కామ్' అని పడుతోంది. 2024 జూలై నుంచి ప్రభుత్వ శాఖల మెసేజీలు 'గవ్ డాట్ ఎస్‌జీ' అనే ఒక్క పేరుతో వస్తున్నాయి. ఇన్ని కట్టుదిట్టాలున్నా 2024లో ఈ దేశంలో అన్ని రకాల మోసాల్లోనూ కలిపి పోయిన సొమ్ము 110 కోట్ల డాలర్లు. గోడ ఎత్తు పెంచేకొద్దీ దొంగ నిచ్చెన కూడా పెంచుతున్నాడన్నమాట.

మన ఇళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. 2020 ఏప్రిల్ నుంచి విదేశాల నుంచి వచ్చే ఫోన్ల ముందు ప్లస్ గుర్తు కనిపిస్తుంది. సింగపూరు లోపలి ఫోనుకి ఆ గుర్తు ఉండదు. కాబట్టి ప్లస్ 65 అని చూపిస్తూ ఎవరైనా "బ్యాంకు నుంచి" అంటే అక్కడే దొంగ దొరికిపోయినట్టు. విదేశీ ఫోన్లు మొత్తంగా ఆపేసుకునే వీలు కూడా టెలిఫోను కంపెనీలు కల్పించాయి. ఇక్కడే పుట్టి పెరిగిన నా తోటి డాక్టరు హాయిగా ఆపేసుకున్నాడు. మనం ఆపుకోగలమా? తెనాలిలో నాన్నగారికి ఒంట్లో బాగుండక పక్కింటివారు అర్ధరాత్రి ఫోను చేస్తే అదీ ప్లస్ గుర్తుతోనే వస్తుంది, అదీ మనకు తెలియని నంబరే! అందుకే నా సలహా ఏమిటంటే, ఊళ్ళో పక్కింటివారు, మేనత్త కొడుకు, మందుల షాపు, అమ్మానాన్నలను చూసే డాక్టరు, వీళ్ళందరి నంబర్లూ ఈ ఆదివారమే అడిగి పేర్లతో రాసి పెట్టుకోండి. మేము ఎత్తకపోతే ఒక మెసేజీ పెట్టండని చెప్పి ఉంచండి. అప్పుడు పేరులేని నంబరు మోగినా గుండె దడ ఉండదు.

ఇది ఒకవైపు. రెండోవైపు అమ్మానాన్నల సంగతి. కొడుకూ కూతురూ పరదేశంలో ఉన్నారన్న సంగతి దొంగలకు పెట్టుబడి. "మీ అబ్బాయి పేరుతో వచ్చిన పార్సిలులో మత్తుమందులు దొరికాయి, మేము పోలీసులం, కెమెరా ముందు నుంచి కదలకండి, ఎవరికీ చెప్పకండి" అంటారు. దీనికి 'డిజిటల్ అరెస్టు' అని పేరు పెట్టారు. చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదని 2024 అక్టోబరు 27న భారత ప్రధాని రేడియో ప్రసంగంలోనే చెప్పారు. ఈ ఒక్క ముక్క మీ పెద్దవాళ్ళకు ఈ వారం ఫోనులో చెప్పండి. మోసం జరిగితే అక్కడ పిలవవలసిన నంబరు 1930 అని గోడ మీది క్యాలెండరులో పెద్ద అంకెలతో రాయించండి. ఇప్పుడు మన గొంతును అనుకరించే యంత్రాలు కూడా వచ్చాయి కనుక ఇంటిల్లిపాదికీ ఒక గుట్టుమాట పెట్టుకోవడం మంచిది. తాతమ్మ ముద్దుపేరైనా సరే, చిన్నప్పటి ఆవు పేరైనా సరే.

వైద్యుడిగా ఒక మాట. ఈ ఫోన్లు పనిచేసేది మన తెలివితక్కువతనం మీద కాదు. భయపడినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, ఎదుట ఉన్న ఆపద తప్ప ఇంకేదీ తోచదు. అది శరీరధర్మం. ఇంజనీర్లకూ అంతే, డాక్టర్లకూ అంతే. అందుకే దొంగ "ఇప్పుడే, ఈ క్షణమే" అంటాడు. దానికి విరుగుడు కాలయాపనే. ఫోను పెట్టేసి గ్లాసుడు మంచినీళ్ళు తాగి, ఇంట్లో మరొకరికి చెబితే చాలు, సగం విషం దిగిపోతుంది.

ఈ బెడదకి భయపడి అసలు ఫోనే ఎత్తడం మానేస్తే అదీ ప్రమాదమే. ఒక పెద్దాయన రక్తపరీక్షలో పొటాషియం బాగా హెచ్చుగా వస్తే ఆ సాయంత్రం మూడుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. కొడుకు నంబరు కూడా రికార్డులో ఉండబట్టి గండం గడిచింది. "తెలియని నంబరు ఎత్తొద్దని పిల్లలు చెప్పారు డాక్టర్" అన్నారాయన. పిల్లలు చెప్పిందీ సబబే. కనుక ఆస్పత్రిలో రెండో మనిషి నంబరు తప్పక ఇవ్వండి. నిజంగా ఆస్పత్రి నుంచేనా అని అనుమానం వస్తే పెట్టేసి, అపాయింట్‌మెంటు కాగితం మీది నంబరుకి మీరే చేయండి. ఏ డాక్టరూ ఏమీ అనుకోడు.

ఇక చీటీ రాస్తున్నాను, తలుపు వెనక అంటించుకోండి:

1. ఇంట్లో అందరి నంబర్లూ డు నాట్ కాల్ పట్టికలో చేర్పించండి. విజిటు పాసు మీద వచ్చిన అత్తమామల నంబర్లు మరవకండి.

2. స్కామ్‌షీల్డ్ అనే ప్రభుత్వ యాప్ పెట్టుకోండి. అనుమానం వస్తే 1799కి ఫోను చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు.

3. ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికీ చెప్పవద్దు. ఇంటిగుట్టు లంకకు చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

4. ఏ ప్రభుత్వ ఉద్యోగీ ఫోనులో డబ్బు పంపమనడు, యాప్ దించుకోమనడు.

5. పెద్ద మొత్తాలకు బ్యాంకులో 'మనీ లాక్' వేయించండి. పెద్ద బ్యాంకులు 2023 నుంచి ఈ సదుపాయం ఇస్తున్నాయి.

6. మీ పేరు మీది సిమ్ కార్డు డబ్బుకి ఆశపడి ఎవరికీ ఇవ్వకండి. చదువుకునే పిల్లలకు మరీ మరీ చెప్పండి. 2025 జనవరి నుంచి అది నేరం.

ఒకవేళ డబ్బు పోతే మొదట బ్యాంకుకి, ఆ వెంటనే పోలీసులకు చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ సొమ్ము దేశాలు దాటిపోతుంది. ఇక్కడ అందరూ తడబడుతున్నారు. నిద్ర పట్టడం లేదనీ, ఆకలి లేదనీ నా దగ్గరికి వచ్చిన ఒకావిడకి పరీక్షలన్నీ చేస్తే ఏమీ తేలలేదు. మూడోసారి వచ్చినప్పుడు గానీ నోరు విప్పలేదు. నాలుగు నెలల కిందట డబ్బు పోయింది, భర్తకి తెలియదు. పోయినదానికంటే ఆ దాపరికమే ఆవిడ ఆరోగ్యాన్ని ఎక్కువ తినేసింది. జేబు కొట్టేస్తే మనం సిగ్గుపడం, దొంగను తిడతాం. ఇదీ అంతే. మన ఇళ్ళలో ఎవరైనా ఇలా మోసపోయామని చెప్పుకుంటే "అంత చదువుకుని ఎలా నమ్మావు?" అన్న ప్రశ్న మాత్రం వేయకండి. ఆ ప్రశ్నకు భయపడే ఎంతోమంది నోరు మూసుకుంటున్నారు.

వచ్చే నెల మోకాళ్ళ నొప్పుల గురించి ముచ్చటిద్దాం. మీ ప్రశ్నలు ఈలోగా సంపాదకులకు పంపండి. సెలవు.