ఒక్కరోజు శిక్షణతో సరిపెడితే ఎలా?

తెలంగాణ రాష్ట్రంలో సీపీఆర్ శిక్షణ 2023 మార్చిలో ఆర్భాటంగా మొదలైంది. అంతకు కొద్దిరోజుల ముందే హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో కుప్పకూలిన మనిషిని ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కి, అంటే సీపీఆర్ చేసి, బతికించాడు. ఆ వీడియో చూడనివారు లేరు. 2025 అక్టోబరులో కేంద్రం అవగాహన వారం కూడా జరిపింది. బ్యానర్ కట్టారు, బొమ్మ మీద తలా ఓసారి నొక్కారు, ఫొటోలు దిగారు. ఆనాడు నేర్చుకున్నవారిలో ఈరోజు సరిగ్గా చేయగలిగేవారు ఎందరు? ఆ లెక్క తీయాలని ఎవరికీ తోచలేదు.

సీపీఆర్ ఈతలాంటిది కాదు, ఒకసారి వస్తే ఉండిపోవడానికి. మూడు నుంచి ఆరు నెలల్లోనే పట్టు సడలుతుందని అధ్యయనాలు ఎప్పుడో తేల్చాయి. రెండేళ్లు చెల్లే సర్టిఫికెట్ జేబులో ఉన్నా చేతులు మాత్రం మరిచిపోతాయి. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకుంటే గుండెలోకి రక్తం తిరిగి చేరదు. రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, తెలియకుండానే లోతు తగ్గిపోతుంది. పక్కటెముక విరుగుతుందేమోనన్న జంకు ఒకటి. ఇవన్నీ కంటితో చూసి సరిదిద్దడం అనుభవమున్న శిక్షకుడికీ కష్టమే. అందుకే లోతు, వేగం చూపించే బొమ్మలు వచ్చాయి. సరిగా నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది, లేదా టక్‌మని చప్పుడొస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 జనవరి 31 నుంచి పెద్దల సీపీఆర్ కోర్సుల్లో ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది.

వికారాబాద్ జిల్లా పూడూరుకు ఇదంతా దూరపు ముచ్చట కాదు. గుండె ఆగాక సీపీఆర్ అందని ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. పత్తి చేలో కూలినవారి దగ్గరికో, దామగుండం అడవి అంచు ఊరికో 108 ఎంత వేగంగా వచ్చినా, అంతకుముందే పక్కనున్నవాళ్లు చేతులు కలపాలి. మనవాళ్లేమో ముఖాన నీళ్లు చల్లుతారు, అరికాళ్లు రుద్దుతారు, ఫిట్స్ అనుకుని తాళంచెవులు చేతిలో పెడతారు. ఆగి ఆగి ఎగశ్వాస వస్తుంటే ఊపిరి ఆడుతోందని ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే ప్రాణం తీస్తోంది.

డెన్మార్క్ బడుల్లో, డ్రైవింగ్ లైసెన్సులో సీపీఆర్‌ను తప్పనిసరి చేసింది. అక్కడ పక్కనున్నవారు సీపీఆర్ చేసిన ఘటనలు 2001లో 21 శాతం, 2010 నాటికి 45 శాతం. నెలరోజులు దాటి బతికినవారు 3.5 నుంచి 10.8 శాతానికి పెరిగారు. అంత డబ్బు మనకెక్కడిదని అనేవారుంటారు. మండలానికి ఒక్క బొమ్మ కొనలేనంత బీద సర్కారేం కాదు మనది.

జిల్లా యంత్రాంగం చేయాల్సింది ఇది. లైటు వెలిగే బొమ్మ ఒకటి పూడూరులో శాశ్వతంగా ఉంచాలి, బీరువాలో తాళం వేసి కాదు. ఆశా కార్యకర్తలు, పోలీసులు, పంచాయతీ కార్యదర్శులు, పీఈటీలు, మన్నెగూడ చౌరస్తాలో ఆటోలు నడిపేవాళ్లు మూడు నెలలకోసారి పదిహేను నిమిషాలు దాని మీద నొక్కి చూసుకోవాలి. పచ్చ లైటు వెలగనివారు అక్కడికక్కడే మళ్లీ చేయాలి. వికారాబాద్‌లో 2023లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులను ఈ పనికి పంపవచ్చు. శిక్షణ పొందినవారు ఇంతమంది అని కాదు, ఈ మూడు నెలల్లో పరీక్షలో నెగ్గినవారు ఇంతమంది అని కలెక్టర్ ప్రకటించాలి. వచ్చే అవగాహన వారానికి బ్యానర్లు కొట్టించే ముందే ఆ మొదటి జాబితా బయటికి రావాలి.