ఒకే మైదానం, రెండు జెండాలు

దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్‌ లాంటి పల్లెలకు రెండో ప్రపంచ యుద్ధమంటే వార్త కాదు, బతుకు. 1942 మార్చి 23న జపాన్‌ సేనలు పోర్ట్‌ బ్లెయిర్‌లో దిగాయి. మూడున్నరేళ్లు వాటిదే రాజ్యం.

అక్కడి జపాన్‌ సైన్యానికి చివరి అధిపతి మేజర్‌ జనరల్‌ తమెనోరి సాటో. ఆయన చేతికింద 35వ స్వతంత్ర మిశ్రమ బ్రిగేడ్‌ ఉండేది. పైచేయి మాత్రం నౌకాదళానిది, అంటే వైస్‌ అడ్మిరల్‌ తెయిజో హారాది. 1945 అక్టోబర్‌లో ఇద్దరూ జింఖానా మైదానంలో బ్రిగేడియర్‌ సాలమన్స్‌కు లొంగిపోయారు. సాటో యుద్ధం అలా ముగిసింది.

అదే మైదానంలో 1943 డిసెంబర్‌ 30న నేతాజీ త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఆ తర్వాత రెండు వారాలకే, జనవరి 14న డాక్టర్‌ దివాన్‌ సింగ్‌ సెల్యులర్‌ జైలు చిత్రహింసలకు బలయ్యారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులంటూ కాల్చిచంపారు. వాళ్లు జపాన్‌ అండతో నడిచిన ఇండియన్‌ ఇండిపెండెన్స్‌ లీగ్‌ వాళ్లే! 1945 ఆగస్టులో తిండికి కటకటలాడుతున్న వేళ వందల మందిని హేవ్‌లాక్‌ వైపు తీసుకెళ్లి సముద్రంలోకి తోసేశారు.

2018లో హేవ్‌లాక్‌ స్వరాజ్‌ ద్వీప్‌ అయింది. 2024లో పోర్ట్‌ బ్లెయిర్‌ శ్రీ విజయ పురమైంది. పేర్లు మార్చడం తేలికే. ఎగిరిన జెండాతోపాటు ఆ నీడలో ఒరిగినవాళ్లనూ గుర్తుంచుకోవడమే కష్టం. సేనాధిపతుల హోదాలు, తేదీలు రికార్డుల్లో పదిలం. పల్లెల్లో పోయినవాళ్ల కథ మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేదెప్పుడు?