పాయింట్లు చూడకుండా కార్బురేటర్ విప్పొద్దు

మా దుగ్గిరాలలో పసుపు యార్డు వైపు వెళ్తే పాత బుల్లెట్లు ఇంకా కనిపిస్తాయి. మా ఇంట్లోనూ ఒకటుంది, తాతయ్యది. 350 సీసీ, పాయింట్ల ఇంజిన్. ఆ మధ్య లాగడం మానేసింది, తెనాలి వెళ్లేలోపే విపరీతంగా వేడెక్కేది, సైలెన్సర్ టపటపా పేలేది. ఒక మెకానిక్ కార్బురేటర్ రెండుసార్లు కడిగి, జెట్ మార్చి, చివరికి "ఇంజిన్ అయిపోయింది, తూకానికి ఇచ్చేయండి" అన్నాడు.

తూకం మాట ఎత్తే ముందు టైమింగ్ చూడాలన్నది నా వాదన. ఎందుకంటే ఈ జబ్బు చెప్పాపెట్టకుండా వస్తుంది. పాయింట్లను తెరిచే క్యామ్‌కి రాసుకుని వాటి మడమ అరుగుతుంది. గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ ఆలస్యమవుతుంది. రోజుకి కాస్త కాస్తగా జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు. లక్షణాలేమో అచ్చం పెట్రోల్ సమస్యలా ఉంటాయి! అదే స్పార్క్ మరీ ముందొస్తే వేరే కథ: ఇంజిన్ నాకింగ్ కొడుతుంది, కిక్ రాడ్ ఎదురు తన్నుతుంది (పిక్క జాగ్రత్త).

మనం సీఎస్ఈ వాళ్ళం ఎర్రర్ మెసేజ్‌కి అలవాటు పడ్డాం. ఈ బండికి స్కానర్ పెట్టడానికి సాకెట్టే లేదు. వరుస మాత్రం ఉంది. ముందు ఫీలర్ గేజ్‌తో గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లకి పెట్టాలి. టైమింగ్ ఆ తర్వాతే, గ్యాప్ మారితే అదీ మారుతుంది కదా. రెండు వాల్వులూ మూసుకున్న కంప్రెషన్ స్ట్రోక్‌లో, పిస్టన్ పైకొసకి ఇంకా 0.8 మిల్లీమీటర్లు ఉండగా పాయింట్లు విడిపోవాలి. మధ్యలో సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజిన్ తిప్పితే, అది జారిన క్షణమే జవాబు. తాతయ్య సిగరెట్ మానేసి ఏళ్లయింది, కాగితం కోసం కిళ్లీకొట్టుకి వెళ్తే ఆయన్ని వింతగా చూశారు.

మా బండికి గ్యాప్ దాదాపు లేదు. సరిచేసి టైమింగ్ పెట్టాక తెనాలి వెళ్లొచ్చింది, పైపు కూడా మునుపటిలా కాగలేదు. కార్బురేటర్‌ని ముట్టుకోలేదు.

"ఎలక్ట్రానిక్ కిట్ వేసేయొచ్చుగా" అంటారు. వేయొచ్చు, అరిగే పాయింట్లుండవు. కానీ దానికీ టైమింగ్ పెట్టాల్సిందే. అడ్వాన్స్ బరువుల స్ప్రింగులు సాగిపోయి ఉంటే కొన్ని కిట్లు వాటినే వాడుకుంటాయి, ఆ లోపం అలాగే ఉంటుంది.

ఫస్టియర్ వర్క్‌షాపులో చెక్కకి జాయింట్లు కోశాం, ఇనుము ఆకురాయి పట్టాం. ఆ బల్ల మీద ఒక పాయింట్ల ఇంజిన్ పెట్టి, టైమింగ్ కావాలనే చెడగొట్టి, కనుక్కోమంటే ఎంత బావుండేది! పాత సామాన్ల కొట్టులో ఇంజిన్ దొరుకుతుంది. ఫీలర్ గేజ్ నా దగ్గరుంది.